మూడు కొండల ఊరు

శ్రోతలకు నమస్కారం. తిరుమల కొండ ఎక్కి వచ్చాం అంటాం కదా. నిజానికి 'మల' అన్నా కొండే. నల్లమల కొండలూ అంతే. మనం రెండుసార్లు కొండ అంటుంటే, ఇంగ్లండులో ఒక ఊరు మూడుసార్లు అంటుంది.

ఆ ఊరు లెస్టర్‌షైర్‌లో ఉంది. పేరు బ్రీడన్ ఆన్ ద హిల్. అక్కడ ఒక కొండ ఎత్తుగా, దూరానికే కనబడుతూ ఉంటుంది. పూర్వం అక్కడ ఉన్నవాళ్లు వేల్స్ ప్రాంతపు నేటి వెల్ష్ భాషకు తల్లిలాంటి భాష మాట్లాడేవారు. వాళ్లు దాన్ని 'బ్రె' అన్నారు. బ్రె అంటే కొండ. తర్వాత సముద్రం దాటి, నేటి ఇంగ్లీషువాళ్లకు పూర్వీకులైన ఆంగ్లో-శాక్సన్లు వచ్చారు. కొత్తగా వచ్చినవాడు అటు వేలు చూపించి "అదేమిటి?" అని అడిగాడనీ, పాతవాడు "కొండ" అన్నాడనీ నేను ఊహించుకుంటాను. వచ్చినవాడు అదే పేరనుకున్నాడు. తన భాషలో కొండను 'డూన్' అంటారు కాబట్టి, దాన్నీ చివర చేర్చాడు. వందల ఏళ్లకు డూన్ అరిగిపోయి 'డన్' అయింది. అందులో కొండ ఉందన్న సంగతీ మరుగున పడింది. అప్పుడు మళ్లీ 'ఆన్ ద హిల్' చేరింది. బ్రె అంటే కొండ, డూన్ అంటే కొండ, హిల్ అన్నా కొండే!

నాకు ఈ పేరు చాలా ఇష్టం. వచ్చినవాళ్లు పాత మాటను చెరిపేయలేదు, పక్కన తమ మాట పెట్టుకున్నారు.

ఇంగ్లండులో మిగతా ఊళ్ల పేర్లు ఎక్కువగా వ్యవసాయం చుట్టూ తిరుగుతాయి. చివర 'టన్' ఉంటే కమతం, 'లీ' ఉంటే అడవి నరికి చేసిన మైదానం, 'బీ' ఉంటే డెన్మార్క్ నుంచి వచ్చిన డేన్లు కట్టుకున్న ఊరు. చిజిక్ అంటే చీజ్ చేసే పశువుల కమతం.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నేటి పలుకును బట్టి అర్థం చెప్పకూడదు, దొరికినంతలో పాత రాతను చూడాలి. నార్‌ఫోక్‌లో గ్రేట్ స్నోరింగ్ అనే ఊరుంది. గురకతో దానికి సంబంధం లేదు. స్నేర్ అనే మనిషి తాలూకు వాళ్ల ఊరది. బ్రీడన్‌కైతే బీడ్ అనే సన్యాసి 731లో ముగించిన చరిత్రలోనే 'బ్రియుడూన్' అన్న రూపం ఉంది. రెండు కొండలూ అందులో విడివిడిగా వినిపిస్తాయి.

ఇప్పుడు ఆ కొండను ఒకవైపు సున్నపురాయి క్వారీ తొలిచేసింది. పైన చర్చి ఉంది, లోపల దాదాపు 1,200 ఏళ్ల నాటి రాతి చెక్కడాలు ఉన్నాయి. ఎప్పటికైనా ఆ కొండ ఎక్కి వాటిని చూడాలని నా కోరిక. నమస్కారం.