మార్కులు వేయని కొలత: లెవ్ మనోవిచ్ పరిశోధనపై సమీక్ష

నమస్కారం. గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ ఆచార్యుడు లెవ్ మనోవిచ్ ‘కల్చరల్ అనలిటిక్స్’ పేరుతో చేస్తున్న పరిశోధన ఈ రోజు మన సమీక్షాంశం. ఒక మనిషి జన్మంతా కూర్చుని చూసినా తరగనన్ని చిత్రాలను కంప్యూటర్‌కు చూపించి, వాటిలోని రంగును, వెలుగును, ముఖం తిరిగిన తీరును అంకెల్లోకి మార్చి, ఆ అంకెల్లో ఒక సంస్కృతి ఆనవాళ్లను వెతకడం ఆయన పద్ధతి.

2014లో వచ్చిన ‘సెల్ఫీసిటీ’నే చూడండి. బ్యాంకాక్, బెర్లిన్, మాస్కో, న్యూయార్క్, సావో పాలో నగరాల నుంచి 640 చొప్పున మొత్తం 3,200 సెల్ఫీలను ఆయన బృందం ఎంచుకుంది. వయసునూ స్త్రీ పురుష భేదాన్నీ మనుషులు చూసి అంచనా కట్టారు. తల ఎంత వాలిందో, నవ్వు ఎంత ఉందో సాఫ్ట్‌వేర్ కొలిచింది. లోకమంతా సెల్ఫీలమయమని అనుకుంటాం గానీ, వారు పరిశీలించిన ఇన్‌స్టాగ్రామ్ ఫొటోల్లో అవి నూటికి మూడు నుంచి ఐదు మాత్రమే. మాస్కోలోనైతే పురుషుల సెల్ఫీల కంటే స్త్రీలవి 4.6 రెట్లు ఉన్నాయి. ఇంత కొలిచినా, ఏ ముఖం అందమైనదో తేల్చే పనికి ఆ బృందం పూనుకోలేదు. నాకు అన్నిటికన్నా నచ్చినది ఆ సంయమనమే.

అందానికి లెక్క కట్టినవారు లేకపోలేదు. క్రమాన్ని సంక్లిష్టతతో భాగిస్తే అందం తేలుతుందని గణితవేత్త బిర్కాఫ్ 1933లోనే సూత్రం రాశారు. ఫొటోల అందాన్ని అంచనా కట్టడం కంప్యూటర్‌కు నేర్పేందుకు 2012లో కూర్చిన ‘ఏవీఏ’ అనే ఫొటోల సంకలనం (డేటాసెట్)లో రెండున్నర లక్షలకు పైగా ఫొటోలున్నాయి. ఒక ఫొటోగ్రఫీ పోటీల వెబ్‌సైట్‌లో సభ్యులు పదికి ఇన్నని వేసిన మార్కులే వాటికి ప్రమాణం. వాటితో నేర్చిన యంత్రం మనకు అప్పజెప్పేది ఆ సభ్యుల అభిరుచినే.

మా కొండల్లో సవరలు ఇంటి లోపలి ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో ఇడితాల్ అనే బొమ్మలు రాస్తారు. త్రికోణాల్లాంటి మొండేలు, పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ, గుర్రాలూ, ఏనుగులూ, చెట్లూ ఒకే చౌకం లోపల కిక్కిరిసి ఉంటాయి. దేవతల కోసం, పితరుల కోసం రాసిన ఆ గోడకు పోటీల సభ్యులు ఎన్ని మార్కులు వేస్తే ఏమి లాభం?

మనోవిచ్ పనిలోనూ ఒక లోటుంది: ఇన్‌స్టాగ్రామ్‌కు ఎక్కని బతుకు సెల్ఫీసిటీ లెక్కలోకి రాలేదు. అయినా ఆయన పద్ధతి మాకు పనికొస్తుంది. ఊరూరి ఇడితాళ్లను పక్కపక్కన పెట్టి, మొండేల ఆకారమూ వరుసల తీరూ ఎక్కడెక్కడ మారుతున్నాయో కంప్యూటర్‌తో చూడవచ్చు. అందుకు ముందుగా ప్రతి ఫొటో వెంట ఆ గోడ ఏ ఊరిదో, ఎవరు రాశారో, ఏ దేవత కోసం రాశారో ఇంటివారిని అడిగి, వారి అనుమతితో నమోదు చేయాలి.