సరఫరా ఆగినప్పుడు బడిలో ఏవి నడవాలి?

సభాధ్యక్షులకు, విద్యాశాఖ అధికారులకు, ప్రధానోపాధ్యాయులకు, ఇంజినీర్లకు నమస్కారం.

పాఠశాల పైకప్పు మీద సౌర ఫలకాలు అమరిస్తే కరెంటు కోతల బాధ తీరినట్టేనని చాలామంది నమ్ముతారు. మామూలుగా గ్రిడ్‌కు, అంటే బయటి నుంచి కరెంటు తెచ్చే విద్యుత్ లైన్ల వ్యవస్థకు కలిపే వ్యవస్థల విషయంలో ఈ నమ్మకం సరికాదు. ఫలకాల కరెంటు బయటి లైనులోకి పారి, అక్కడ పనిచేసే సిబ్బందికి ప్రాణాపాయం కలగకూడదు కనుక, గ్రిడ్‌లో సరఫరా ఆగగానే ఇన్వర్టరు (ఫలకాల కరెంటును మన పరికరాలు వాడగలిగే కరెంటుగా మార్చే పరికరం) కూడా ఆగిపోయేలా దాన్ని తయారుచేస్తారు. అందువల్ల పైన ఎండ నిప్పులు చెరుగుతున్నా, కింద తరగతి గదుల్లో ఒక్క ఫ్యానైనా తిరగదు. బ్యాటరీ, గ్రిడ్ నుంచి భవనాన్ని విడదీసే స్విచ్చు, ఆ స్థితిలో సొంతంగా పనిచేయగల ఇన్వర్టరు ఉంటేనే ఆ ఫలకాలు కోత సమయంలో అక్కరకొస్తాయి. బిల్లు తగ్గించుకోవడం ఒక లక్ష్యం, సరఫరా ఆగినా తట్టుకొని నిలవడం మరొక లక్ష్యం. మొదటిది సాధిస్తే రెండోది వెంట వస్తుందని అనుకోవడం వల్లనే మన ప్రణాళికలు తప్పుదారి పడుతున్నాయని నేను గట్టిగా భావిస్తున్నాను.

కాబట్టి ఎన్ని కిలోవాట్ల ఫలకాలు పెట్టాలన్న ప్రశ్నతో ప్రణాళిక మొదలుపెట్టవద్దని నా మనవి. సరఫరా ఆగినప్పుడు ఏవి నడవాలి, ఎంతసేపు నడవాలి అన్నది ముందు తేల్చుకోవాలి. తాగునీటి పంపు, మరుగుదొడ్లకు నీరు, మెట్ల దగ్గర దీపాలు, అగ్నిప్రమాద హెచ్చరిక వ్యవస్థ, వంటగదిలోని ఫ్రిజ్, ఇంటర్నెట్ పరికరాలు, కొన్ని గదుల్లో గాలీ వెలుతురూ: ఇలా జాబితా రాసుకున్న తరువాత, వాటన్నిటినీ ప్రత్యేకమైన డిస్ట్రిబ్యూషన్ బోర్డు మీదికి తేవాలి. భవనం కట్టేటప్పుడు ఈ వైరింగు విడదీయడం తేలిక. గోడలు పూర్తయ్యాక అదే పని ఖర్చుతో, శ్రమతో కూడుకున్నది.

ఇక పొదుపు సంగతి. ఒక తరగతి గదిలో 75 వాట్ల పాత ఫ్యాన్లు నాలుగు, చోకుతో కలిపి సుమారు 45 వాట్లు తీసుకునే ట్యూబులైట్లు నాలుగు ఉన్నాయనుకుందాం. మొత్తం 480 వాట్లు. వాటి స్థానంలో తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్లు, 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు పెడితే 200 వాట్లతో సరిపోతుంది. ఇరవై గదుల బడిలో 9.6 కిలోవాట్ల లోడు 4 కిలోవాట్లకు దిగుతుంది. ఈ గదులన్నీ ఆరు గంటలు నడవాలంటే పాత లెక్కన 57.6 యూనిట్లు, కొత్త లెక్కన 24 యూనిట్లు కావాలి. బ్యాటరీని ఎనభై శాతానికి మించి వాడకుండా, ఇన్వర్టరు, తీగలలో పోయే పది శాతాన్ని కలుపుకుంటే, మొదటి దానికి 80 యూనిట్ల బ్యాటరీ కావాలి, రెండో దానికి సుమారు 33 చాలు. ముందుగా ఫ్యాన్లు మార్చిన బడికి బ్యాటరీ ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది. పొదుపును చివరకు వాయిదా వేసి, పెద్ద పరికరాలు ముందు కొనే పద్ధతి ప్రజాధనానికి నష్టమని చెప్పడానికి ఇంతకంటే లెక్క అక్కరలేదు. పంపు విషయంలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం: నేరుగా స్టార్ట్ చేసిన మోటారు మొదటి క్షణాల్లో మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది కనుక, మోటారును మెల్లగా వేగం అందుకునేలా చేసే సాఫ్ట్ స్టార్టరు లేకపోతే లెక్క ప్రకారం సరిపోవాల్సిన ఇన్వర్టరు కూడా ట్రిప్ అవుతుంది.

ఏడాదికి 8,760 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున 200 రోజులు బడి నడిస్తే 1,600 గంటలు, అంటే ఐదో వంతు కూడా కాదు. మిగతా కాలమంతా భవనం ఖాళీగా ఉన్నా మీటరు తిరుగుతూనే ఉంటుంది. సాయంత్రం తాళం వేసేటప్పుడు ఒకసారి, మర్నాడు తెరిచేటప్పుడు ఒకసారి మీటరు రీడింగు రాసుకుంటే, పైసా ఖర్చు లేకుండా దుబారా ఎంతో బయటపడుతుంది.

అయితే పొదుపు పేరుతో గాలి రాకపోకలను తగ్గించడాన్ని నేను అంగీకరించను. కిక్కిరిసిన గదిలో కిటికీలు మూస్తే కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, పిల్లలకు మగత వస్తుంది, ఒకరి జలుబు పదిమందికి అంటుతుంది. సంపన్న దేశాల్లోనూ ఈ సమస్య తీరలేదు. అమెరికాలో 41 శాతం స్కూల్ డిస్ట్రిక్టులు (బడులను నడిపే స్థానిక పాలనా విభాగాలు) తమ పాఠశాలల్లో కనీసం సగం చోట్ల గాలి, ఉష్ణోగ్రత నియంత్రణ వ్యవస్థలను మార్చడమో బాగుచేయడమో చేయాల్సి ఉందని అక్కడి ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2020లో తేల్చింది. పిల్లల ఊపిరితో ముడిపడిన ఖర్చును బిల్లులో ఆదా కింద చూపకూడదు.

విపత్తుల వేళ బడి ఆశ్రయ కేంద్రంగా మారుతుంది. ఫ్లోరిడాలో హరికేన్ ఆశ్రయాలుగా వాడే వందకు పైగా పాఠశాలల్లో 10 కిలోవాట్ల సౌర వ్యవస్థలను బ్యాటరీలతో సహా అమర్చారు. ఆ పరిమాణం భవనమంతటినీ నడపడానికి చాలదు, ఆశ్రయం పొందినవారికి అత్యవసరమైన దీపాలకూ కొన్ని ప్లగ్గులకూ చాలుతుంది. మన ప్రణాళికల్లోనూ ఇలాంటి నిగ్రహం ఉండాలి. డీజిల్ జనరేటరును పూర్తిగా పక్కన పెట్టమని నేను అనను, రోజుల తరబడి మబ్బు పట్టినప్పుడు దాని అవసరం ఉంటుంది. కాని నిల్వ డీజిల్ నెలలు గడిచేకొద్దీ చెడిపోతుంది కాబట్టి, నెలకొకసారైనా లోడు మీద నడిపి చూడని జనరేటరును లెక్కలో వేసుకోవద్దు.

ఫలకాల ఆయుష్షు సుమారు 25 ఏళ్లు. పైకప్పుకు ఐదేళ్లలో మరమ్మతు రాబోతుంటే ముందు ఆ పని చేయించండి, లేకపోతే ఫలకాలన్నీ దించి మళ్లీ ఎక్కించే ఖర్చు తప్పదు. బ్యాటరీలు అంతకంటే ముందే మార్చాల్సి వస్తుంది కనుక, ఆ మొత్తానికి ఇప్పటినుంచే ఏటా బడ్జెటులో పద్దు ఉండాలి.

టెండరు పత్రంలో ఒక షరతు తప్పక రాయించండి: పని పూర్తయ్యాక, తరగతులు జరుగుతున్న రోజున, ప్రధానోపాధ్యాయుల సమక్షంలో మెయిన్ స్విచ్చు ఆపాలి. జాబితాలోని ప్రతి పరికరమూ ఒప్పుకున్న గంటలపాటు నడిచిందని నమోదైన తరువాతనే గుత్తేదారుకు చివరి బిల్లు చెల్లించాలి.