దాహం లేని ఎలుక అన్ని నీళ్లు ఎందుకు తాగింది?

నమస్తే, విజయనగరం నుంచి మాట్లాడుతున్నా. ఇవాళ షెడ్యూల్ ఇండ్యూస్డ్ బిహేవియర్ గురించి, అంటే తిండి విడతలు విడతలుగా వచ్చే తీరు (షెడ్యూల్) వల్ల పుట్టుకొచ్చే ప్రవర్తన. పేరు చూసి పారిపోకండి, ఉన్నది ఒక ఎలుక కథే.

1961లో జాన్ ఫాల్క్ అనే అమెరికన్ పరిశోధకుడు ఎలుకలను కాస్త ఆకలి మీద ఉంచి, మీట నొక్కితే సగటున నిమిషానికో చిన్న తిండి గుళిక పడేలా పెట్టాడు. పక్కనే నీళ్ల గొట్టం. ఎలుకలకు నీళ్లు ముందు నుంచీ కావలసినన్ని ఉన్నాయి, అంటే దాహం లేదు. అయినా గుళిక పడడం, గబుక్కున నమలడం, వెంటనే గొట్టం దగ్గరకెళ్లి నాకడం. మళ్లీ గుళిక, మళ్లీ నీళ్లు. మూడు గంటల పైచిలుకులో ఒంటి బరువులో దాదాపు సగం నీళ్లు తాగేశాయి!

ఇది చెప్తే సైకాలజీ చదివే మా తమ్ముడొకడు, "ఏటన్నా, పొడి గుళికలు తింటే గొంతెండదా ఏటి?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ ద్రవాహారం ఇచ్చినా తాగాయి. పైగా అదే తిండి మొత్తం ఒకేసారి పెడితే ఇంత తాగవు. తిండి కొంచెం కొంచెంగా, ఎడం ఎడంగా రావడంలోనే ఉంది తిరకాసు. ఆ ఎడం మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా తాగడం తగ్గిపోతుంది.

ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పాలకొండ బస్సు కోసం చూస్తూ జంతికల ప్యాకెట్ ఖాళీ చేసేస్తామే, అలాంటిదే అనిపిస్తుంది. నాకైతే ఆ పోలిక పూర్తిగా అతకదు. మనకు బస్సు ఆలస్యమయ్యేకొద్దీ టెన్షన్ పెరుగుతుంది. ఎలుక తాగేది తర్వాతి గుళిక దగ్గరపడ్డప్పుడు కాదు, ఇప్పుడే ఒకటి తిన్నాక, ఇంకోటి ఇప్పట్లో రాదన్న సమయంలో.

ఫాల్క్ తర్వాత దీనికి అడ్జంక్టివ్ బిహేవియర్ అని పేరు పెట్టాడు, అంటే తిండి షెడ్యూల్‌కు తోకలా వచ్చే ప్రవర్తన. తాగడమే కాదు, చక్రంలో పరిగెత్తడం, చెక్క కొరకడం, పక్కదాని మీద పడడం కూడా ఇందులో చూశారు. 2013లో కిలీన్, పెయ్యోన్ అనే పరిశోధకులు మాత్రం ఇది వేరే రకం ప్రవర్తనేం కాదు, మీట నొక్కడంలాగే తర్వాత వచ్చే తిండే దీన్నీ బలపరుస్తోందని వాదించారు. గొడవ ఇంకా తెగలేదు.

ఇప్పుడు దీన్ని ఓసీడీ (అవసరం లేకున్నా చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే మానసిక సమస్య) లాంటి సమస్యల పరిశోధనలోనూ వాడుతున్నారు. ఎందుకంటే ఒకే షెడ్యూల్‌లో కొన్ని ఎలుకలు విపరీతంగా తాగుతాయి, కొన్ని గొట్టాన్ని పెద్దగా పట్టించుకోవు. ఆ తాగని ఎలుకల మెదడులో ఏం తేడా ఉందో, దాని సంగతి వచ్చే వీడియోలో.