రేంజ్ తెలిస్తే కోణం ఎలా? థీటాని బయటికి లాగే లెక్క

నమస్తే అండీ. విసిరే కోణం ఇచ్చి రేంజ్, అంటే బంతి ఎంత దూరంలో పడుతుందో అడిగితే అరనిమిషంలో చేసేస్తాం. రేంజ్ ఇచ్చి కోణం అడిగితేనే పెన్ను ఆగిపోతుంది. ఇవాళ ఆ తిరుగు లెక్క చూద్దాం.

బంతిని నేల మీంచి సెకనుకి 20 మీటర్ల వేగంతో విసిరాం. 20 మీటర్ల అవతల, అదే ఎత్తులో పడాలి. గాలి నిరోధం లేదు, గురుత్వ త్వరణం జీ 10 అనుకుందాం. విసిరే వేగం యు, నేలతో చేసే కోణం థీటా.

బంతి గాల్లో ఉండే టైమ్, టూ యు సైన్ థీటా బై జీ. అడ్డంగా వెళ్ళే వేగం, యు కాస్ థీటా. రెండూ గుణిస్తే రేంజ్, అదే ఆర్. బోర్డు చూడండి, థీటా రెండు చోట్ల కూర్చుంది, ఒకటి సైన్‌లో, ఇంకోటి కాస్‌లో. చిక్కంతా ఇదే. ముందు దాన్ని ఒక్క చోటికి తెచ్చుకోవాలి. టూ సైన్ థీటా కాస్ థీటా అంటే సైన్ టూ థీటానే కదా. అది పెట్టేసి, జీని ఇటు తెచ్చి, యు స్క్వేర్‌ని కిందికి దించితే, సైన్ టూ థీటా ఈక్వల్ టు జీ ఆర్ బై యు స్క్వేర్.

విలువలు వేస్తే 200 బై 400, అంటే అర. ఇన్వర్స్ సైన్ నొక్కితే 30. చాలామంది ఇదే జవాబని రాసేసి పేజీ తిప్పేస్తారు. ఆగండి, 30 అన్నది టూ థీటా. థీటా 15 డిగ్రీలు. అన్నట్టు, మీకు 0.52 వచ్చిందంటే కాలిక్యులేటర్ రేడియన్లలో ఉంది, మోడ్ మార్చండి.

అయిపోలేదు. సైన్ 150 కూడా అరే. కాలిక్యులేటర్ 30 చూపించి ఊరుకుంటుంది, 180లోంచి 30 తీసేసే పని మనదే. 150లో సగం 75. 15 డిగ్రీలతో విసిరితే బంతి సుమారు 1 సెకనులో పడిపోతుంది. 75తో అయితే పైపైకి వెళ్ళి, దాదాపు 3.9 సెకన్లకి వచ్చి అక్కడే పడుతుంది.

50 మీటర్లు అడిగితే? 1.25 వస్తుంది, ఎర్రర్ చూపిస్తుంది. మీరేం తప్పు చేయలేదు. ఈ వేగానికి 45 డిగ్రీలతో వచ్చే 40 మీటర్లే గరిష్ఠం.

ఇప్పుడు నాకు ఇష్టమైన లెక్క. అదే బంతి, అదే 20 మీటర్ల దూరం, కానీ 10 మీటర్ల ఎత్తులో ఉన్న గురికి తగలాలి. రేంజ్ సూత్రం ఇక్కడ పనికిరాదు. పథం సమీకరణం కావాలి, ఎక్స్ అంటే అడ్డంగా దూరం, వై అంటే ఎత్తు: వై ఈక్వల్ టు ఎక్స్ ట్యాన్ థీటా మైనస్, జీ ఎక్స్ స్క్వేర్ బై టూ యు స్క్వేర్ కాస్ స్క్వేర్ థీటా. మళ్ళీ రెండు చోట్ల! ఈసారి ట్యాన్‌లోకి తెద్దాం. వన్ బై కాస్ స్క్వేర్ అంటే వన్ ప్లస్ ట్యాన్ స్క్వేర్. ట్యాన్ థీటాని టీ అని రాస్తే, 10 ఈక్వల్ టు 20 టీ మైనస్ 5 ఇంటూ వన్ ప్లస్ టీ స్క్వేర్. సర్దితే టీ స్క్వేర్ మైనస్ 4 టీ ప్లస్ 3 ఈక్వల్ టు సున్నా. మామూలు క్వాడ్రాటిక్! టీ విలువలు 1, 3. కోణాలు 45, ఇంకోటి సుమారు 71.6.

ఎత్తు 16 పెట్టి చూడండి, రూట్ లోపల మైనస్ వస్తుంది. 20 మీటర్ల దూరంలో అంత ఎత్తుకి ఈ బంతి చేరదు. ఎత్తు సున్నా పెడితే టీ స్క్వేర్ మైనస్ 4 టీ ప్లస్ 1. టీ విలువలు 2 ప్లస్ రూట్ 3, 2 మైనస్ రూట్ 3. ఇన్వర్స్ ట్యాన్ నొక్కండి... 75, 15.