'చాలా అరుదు' అని రాసి అమ్మిన రోమన్ వెండి దేనారం: తిబేరియుస్ నాణెం రివ్యూ

నమస్తే అండీ. కెమెరాకి ఇంకొంచెం దగ్గరగా పెడుతున్నాను, ఫోకస్ అవ్వనివ్వండి. ఆ, వచ్చింది. ఇది రోమన్ దేనారం. చక్రవర్తి తిబేరియుస్ పేరు మీద కొట్టినది. ఆయన క్రీ.శ. 14 నుంచి 37 దాకా పాలించాడు, అంటే ఈ బిళ్ళ వయసు అటూ ఇటూగా రెండు వేల ఏళ్ళు. లండన్‌లో ఒక నాణేల సంతలో 260 పౌండ్లు పెట్టి కొన్నాను. దాన్ని పెట్టిచ్చిన చిన్న కాగితం కవరు ఇదిగో. దీని మీద పెన్సిల్‌తో 'చాలా అరుదు' అని ఉంది. ఈ వీడియో మొత్తం ఆ మాట మీదే.

వీడియో కాల్‌లో మా అమ్మకి చూపిస్తే, "గీ ఒక్క బిళ్ళకు ముప్పై వేలా బిడ్డా? అరిగి కూడా పోయింది గదా!" అంది. నిజమే, జుట్టు దగ్గర అరిగింది. కానీ నాణెం కొనేటప్పుడు అరుగుదల కంటే ముందు చూడాల్సినవి ఉన్నాయి. వాటిలో మొదటిది తూకం.

పాకెట్ తూకం ఆన్ చేస్తున్నా. రెండు దశాంశ స్థానాలు చూపించేదే కొనండి, ఒక్కటే చూపించేది ఈ పనికి చాలదు. 3.71 గ్రాములు. 2011లో వచ్చిన రకం రూపాయి బిళ్ళ 3.79, అంటే చేతిలో పెట్టుకుంటే దాదాపు అదే బరువు. కానీ ఆ రూపాయి దాదాపు 22 మిల్లీమీటర్ల వెడల్పు. ఇది 18 మాత్రమే, అందుకే మందంగా, బొద్దుగా ఉంటుంది. తొలి చక్రవర్తి ఆగస్టస్, ఆయన తర్వాత వచ్చిన తిబేరియుస్ కాలంలో ఒక రోమన్ పౌను (అప్పటి తూకం, సుమారు 327 గ్రాములు) వెండికి 84 దేనారాలు కొట్టేవారు. ఆ లెక్కన ఒక్కొక్కటి 3.9 గ్రాముల దగ్గర ఉండాలి. చేతులు మారి మారి అరిగినది 3.6, 3.7 తూగితే భయపడక్కర్లేదు. 3 కంటే కిందికి వెళ్తే మాత్రం టెన్షన్ పడాల్సిందే.

ఇప్పుడు చదువుదాం. బొమ్మ వైపు, కుడివైపు చూస్తున్న తల, మీద లారెల్ ఆకుల దండ, మెడ వెనక దాని రిబ్బన్లు వేలాడుతున్నాయి. చుట్టూ అక్షరాలు. పదాల మధ్య ఖాళీ ఉండదు, సగం పదాలు పొట్టిగా కొట్టేసి ఉంటాయి, మొదటిసారి చూస్తే బస్సు టికెట్ మీద అరిగిన ప్రింటులా అనిపిస్తుంది. టి, ఐ అంటే తిబేరియుస్. తర్వాత సీజర్. తర్వాత డి-ఐ-వి-ఐ, ఏ-వి-జి, ఎఫ్. 'యు' రాయాల్సిన చోట వాళ్ళు 'వి' రాసేవారు, అది గుర్తుపెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. అర్థం 'దైవమైన ఆగస్టస్ కుమారుడు'. చివర్లో ఆగస్టస్ అనే బిరుదు, ఇప్పుడది ఈయనది. నిజానికి తిబేరియుస్ ఆగస్టస్‌కి కన్నకొడుకు కాదు, దత్తపుత్రుడు. అందుకే 'ఆయన కొడుకుని' అని ప్రతి నాణెం మీదా చెప్పుకోవాల్సిన అవసరం ఎక్కువ. మన శాతవాహనుల వెండి నాణేలు చూడండి, వాసిష్ఠీపుత్ర, గౌతమీపుత్ర అని తల్లి పేరుతో ఉంటాయి. ఇక్కడ తండ్రి పేరు, అక్కడ తల్లి పేరు. ఆ రెండు నాణేలూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు ఎప్పటి నుంచో కోరిక.

అయితే తల్లి ఈ నాణెం మీద లేదని కాదు. తిప్పుతున్నాను. వెనక కుర్చీలో కూర్చున్న స్త్రీ, ఒక చేతిలో రాజదండం, ఇంకో చేతిలో కొమ్మ. ఈమె తిబేరియుస్ తల్లి లివియా, శాంతి దేవత రూపంలో, అని చాలామంది అంటారు. నాణెం మీద ఆమె పేరు మాత్రం లేదు. ఒక పక్క పొంటిఫ్, ఇంకో పక్క మాక్సిమ్, అంటే ప్రధాన పూజారి. అది కొడుకు పదవి. నా నాణెంలో చివరి 'ఎం' అక్షరం అంచు దాటి బయటికి పోయింది. సుత్తి దెబ్బ కాస్త పక్కకి పడింది, అంతే. ఈ వెండి నాణేలు కొట్టింది రోములో కాదు, లుగ్దునుంలో, ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియాన్.

తెలుగు బైబిల్ చదివినవాళ్ళకి ఈపాటికి వెలిగి ఉంటుంది. పన్ను కట్టాలా వద్దా అని అడిగితే యేసు ఒక దేనారం తెమ్మని, దీని మీద ఉన్న రూపం ఎవరిది అని అడిగాడే, ఆ కైసరు ఈయనే. అందుకే ఇంగ్లీషు వ్యాపారులు దీన్ని 'ట్రిబ్యూట్ పెన్నీ' అంటారు. అప్పుడు తెచ్చి చూపించింది సరిగ్గా ఈ రకమే అని ఎవరూ రుజువు చేయలేరు, కానీ ఆ పేరు అతుక్కుపోయింది. ధర కూడా పేరుతో పాటే పెరిగింది. ఇదే అరుగుదల, ఇదే వెండి, పేరు తర్వాతి చక్రవర్తి ఆంటొనైనస్ పయస్‌ది అయితే ఇందులో కొంతకే వచ్చేది. 'దీనారం' అనే మాట కూడా దేనారియస్ నుంచి మన దాకా వచ్చిందే, శ్రీనాథుడికి స్నానం చేయించారని చెప్పుకునే దీనార టంకాల దాకా.

సరే, అరుదా? కాదు. ఈ రకం రోమన్ వెండిలో బాగా దొరికేవాటిలో ఒకటి. తిబేరియుస్ 23 ఏళ్ళు పాలించినా ఆయన దేనారాల్లో ప్రధానంగా మూడే రకాలు. ఒకటి ఈ కుర్చీలో స్త్రీ. రెండోది, వెనక వైపు నాలుగు గుర్రాల రథం మీద చక్రవర్తి. మూడోది, వెనక వైపు చనిపోయి దైవమైన ఆగస్టస్ తల, పైన నక్షత్రం. ఆ రెండూ కష్టంగా దొరుకుతాయి. రథం ఉన్నదాని మీద 'ట్రిబ్యూన్ అధికారం 17వసారి' (ఏటా లెక్క పెరిగే పదవి) అని రోమన్ అంకె ఉంటే అది 15-16 సంవత్సరాల నాణెం అని చెప్పేయొచ్చు. ఈ కుర్చీ రకం మీద ఏ అంకె లేదు, ఏళ్ళ తరబడి అదే బొమ్మ కొట్టుకుంటూ పోయారు.

అయినా ఈ ఒక్క రకంలోనే చిన్న చిన్న తేడాలున్నాయి, అసలు సరదా అక్కడే. కుర్చీ కాళ్ళు చూడండి. నిటారుగా, సాదాగా ఉంటే ఒక రకం. లేత్ మీద తిప్పిన మంచం కోళ్ళలా గుండ్లు గుండ్లుగా ఉంటే ఇంకో రకం. కాళ్ళ కింద గీత ఒకటా, రెండా అన్నది కూడా చూడాలి. ప్రామాణిక కేటలాగులో 26, 28, 30 అని వేర్వేరు నంబర్లు ఈ తేడాలతోనే. నాది మంచం కోళ్ళు. కింద రెండు గీతలు కనిపించాయి. ఇంటికి రాగానే లూప్ (చిన్న భూతద్దం) పెట్టి చూసి, సాధారణమైనది కొని అరుదైనది కొట్టేశానని మూడు రోజులు గాల్లో తేలాను. నాలుగో రోజు పగటి వెలుగులో, కిటికీ దగ్గర పక్కవాటుగా పట్టుకుని చూస్తే ఆ రెండో గీత స్త్రీ పాదం మీదుగా కూడా పోతోంది. అచ్చులో ఉన్న గీత పాదాన్ని కోసుకుంటూ ఎందుకు పోతుంది? అది గీత కాదు, గీటు. ఎప్పుడో ఎవరి మూటలోనో పడింది. అందుకే ఎల్‌ఈడీ లైటు నేరుగా పైనుంచి పెట్టి చూడొద్దు. వెలుగు పక్కనుంచి పడాలి.

నంబరు వెతకడానికి డబ్బు ఖర్చు అక్కర్లేదు. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ నడిపే ఆన్‌లైన్ కేటలాగు ఉచితం. ఆగస్టస్ నుంచి 491లో చనిపోయిన జెనో దాకా చక్రవర్తి పేరు, లోహం, అక్షరాలు కొట్టి వెతకొచ్చు. మీకు కనిపించిన నాలుగు అక్షరాలు కొట్టినా చాలు.

ఇప్పుడు మనవైపు వద్దాం, ఎందుకంటే ఈ నాణెం మన మట్టిలో కూడా ఉంది. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో ఒకే చోట పదిహేను వందలకు పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి. మా కరీంనగర్ వైపు నుస్తులాపూర్‌లో 39. వీటిలో ఎక్కువ భాగం ఆగస్టస్, తిబేరియుస్‌లవే. మిరియాలకి, సన్నని బట్టకి, రంగురాళ్ళకి బదులుగా వచ్చిన వెండి. భారతదేశం ఏటా అయిదు కోట్ల సెస్టర్సులు లాగేస్తోందని రోమన్ రచయిత ప్లీనీ వాపోయాడు. నాలుగు సెస్టర్సులు ఒక దేనారం, లెక్క వేసుకోండి. మరి చక్రవర్తి నీరో తర్వాతి వెండి ఇక్కడ ఎందుకు అంత తక్కువ? క్రీ.శ. 64 ప్రాంతంలో నీరో పౌనుకి 84 బదులు 96 కొట్టించాడు, వెండి పాలు కూడా తగ్గించాడు. మన వ్యాపారులు బిళ్ళ మీది బొమ్మని కాదు, వెండిని చూసి తీసుకునేవారు. పాత నాణెమే కావాలన్నారని, ఆగస్టస్, తిబేరియుస్ దేనారాలు ఇక్కడ చాలాకాలం చెల్లుబాటయ్యాయని పండితులు చెప్పే కారణాల్లో ఇదొకటి. దానికి తోడు ఇక్కడే చేసిన నకళ్ళు దొరికాయి, వాటి మీద అక్షరాలు అర్థం లేని గీతల్లా ఉంటాయి. చెక్కినవాడికి లాటిన్ రాదు పాపం, చూసింది చూసినట్టు దించాడు. కొన్ని నాణేల మీద ఉలితో పెట్టిన గాటు కూడా ఉంటుంది. గాటు పడ్డ నాణేన్ని యూరప్ సేకర్తలు పాడైపోయింది అంటారు. నాకు మాత్రం మచ్చ లేని దానికంటే అదే ఎక్కువ ఇష్టం.

ఒకమాట. పొలంలో దున్నుతుంటే ఇలాంటివి దొరికితే అవి 'దొరికినవాడివి' కావు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ ఉంటే కలెక్టర్‌కి తెలియజేయాలి. దేశం దాటించడం అసలే కుదరదు. బయట కొనేవాళ్ళు కూడా ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం అడగండి. జూలియస్ సీజర్‌ని చంపిన బ్రూటస్ 42లో, అంటే క్రీస్తు పూర్వం, రెండు బాకులు, ఒక టోపీ బొమ్మతో నాణెం కొట్టించాడు. దాని వెండి నాణేలే అరుదు, బంగారం మరీ అరుదు. ఆ బంగారు నాణెం ఒకటి 2020లో లండన్ వేలంలో 32 లక్షల పౌండ్లకు పైగా పలికింది. తర్వాత దాని పాత యజమాని చరిత్ర అబద్ధమని తేలి 2023లో గ్రీసుకి తిరిగి ఇచ్చేశారు.

దొంగ నాణెం సంగతి. ఇదిగో, నా మొదటి కొనుగోలు. రోమన్ సేనాని మార్క్ ఆంటొనీ తన సైన్య దళాల పేరిట కొట్టించిన దేనారం అని ఆన్‌లైన్‌లో తీసుకున్నాను. ఒక పక్క ఓడ, ఇంకో పక్క సైన్యం జెండాలు. బొమ్మ బాగుంది. తూకం 2.9. అంచు చూడండి, చుట్టూ ఒక సన్నని గీత, దాన్ని ఆకురాయితో గీకిన గుర్తులు. రెండు సగాల అచ్చులో పోత పోస్తే అతుకు దగ్గర ఇలా వస్తుంది. సుత్తితో కొట్టిన నాణేనికి అంచులో చీలికలు ఉండొచ్చు కానీ అతుకు ఉండదు. ఇంకో నెలకి వేరే ప్రకటనలో అదే నాణెం చూశాను. ఓడ ముక్కు పక్కన అదే గుంట, అదే చోట. వందల ఏళ్ళు భూమిలో ఉన్న రెండు నాణేలకి ఒకే గుంట పడదు కదా.

శబ్దం వినడానికి బల్ల మీద పడేయకండి, పాత వెండి లోపల పెళుసెక్కి ఉంటుంది, ముక్కలవుతుంది. చింతపండు, టూత్‌పేస్ట్ కూడా వద్దు. ఆ నలుపుని అలాగే ఉండనివ్వండి, అక్షరాలు చదవడానికి అదే సాయం చేస్తుంది.

మార్కులు అడుగుతారు కాబట్టి: పదికి ఏడు. పోయిన 'ఎం'కి ఒకటి కోత, ధరకి రెండు. 'చాలా అరుదు' అన్న మాటకి కోత వేయలేదు, అది నాణెం తప్పు కాదు. మొదటి నాణెంగా దీన్ని కొనొద్దు. రెండో శతాబ్దపు ఆంటొనైనస్ పయస్‌దో, ఆ శతాబ్దం చివర్లో చక్రవర్తి అయిన సెప్టిమియస్ సెవెరస్‌దో తీసుకోండి, బేరమాడడానికి వీలుంటుంది, చదవడం నేర్చుకోవడానికి సరిపోతుంది. తిబేరియుస్ ఆ తర్వాత.

మీ దగ్గర ఏదైనా ఉంటే కామెంట్‌లో రాయండి. ఫోటో తర్వాత పెడుదురుగానీ, ముందు బరువు రాయండి.