పోస్టింగ్ ఎక్కడ అని అడగండి

వేదిక మీది పెద్దలందరికీ కలిపి ఒకటే నమస్కారం. ఇచ్చింది అరగంట. పేరు పేరునా చెప్పుకుంటూ పోతే పది నిమిషాలు అక్కడే ఖర్చయిపోతాయి. బైపీసీ పిల్లలూ, వాళ్ళ వెంట వచ్చిన అమ్మానాన్నలూ, ఈ మాటలు మీ కోసం.

ఆహ్వాన పత్రంలో ‘ఎంబీబీఎస్ సీటు రాకపోతే ఉన్న దారులు’ అని వేశారు. ఆ ‘రాకపోతే’ దగ్గరే నాకు పేచీ. బైపాస్ సర్జరీలో గుండెను ఆపి ఉంచినంత సేపూ రోగి ఒంట్లో రక్తం తిరిగేలా చూసేది పెర్ఫ్యూజనిస్టు. రెండేళ్ళొచ్చినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడని పాపకు వినికిడి ఎంతుందో తేల్చేది ఆడియాలజిస్టు. సీటు రాని కోపంతో చేరినవాళ్ళకు ఈ పనులు అబ్బవు. అంతేకాదు, కోపంతో చేరేవాళ్ళు కాలేజీని ఏమీ అడగరు. నన్ను ఇక్కడికి రప్పించింది ఆ రెండో సంగతే.

ముందు చట్టం సంగతి నాలుగు ముక్కల్లో. డాక్టరు కాకుండా ఆసుపత్రిలో పరీక్షలు, చికిత్స పనులు చేసేవాళ్ళ కోసం జాతీయ అలైడ్, హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ కమిషన్ చట్టం 2021లో వచ్చింది. ఈ వృత్తులను 10 వర్గాలుగా విడగొట్టింది. ల్యాబు, రేడియాలజీ, ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, కంటి పరీక్షల వాళ్ళు, డైటీషియన్లు, ఆపరేషన్ థియేటర్, అనస్థీషియా వాళ్ళు, ఇంకా కొందరు. నర్సింగ్, ఫార్మసీ ఇందులోకి రావు, వాటికి వేరే చట్టాలున్నాయి. ఈ చట్టం ప్రకారం అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్, అంటే టెక్నీషియన్ తరహా పనివాళ్ళ చదువు 2,000 గంటలకు తగ్గకూడదు. థెరపిస్టుల్లాంటి హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే 3,600 గంటలకు తగ్గకూడదు. చూశారా, చట్టం లెక్క కట్టింది గంటల్లో. మనమేమో ఫీజెంత, హాస్టలుందా, ‘స్కోప్’ ఉందా అని అడిగి ఇంటికొచ్చేస్తాం.

గంటలు ఎందుకో ఒక్క ఉదాహరణతో చెబుతాను. రక్తం తీసే ట్యూబులకు రంగు మూతలుంటాయి, మీరూ చూసే ఉంటారు. నీలం మూత ట్యూబులో సోడియం సిట్రేట్, ఊదా మూతలో ఈడీటీఏ, ఈ రెండూ రక్తం గడ్డకట్టకుండా ఆపేవి. బూడిద రంగులో ఫ్లోరైడ్. ఎరుపుది సీరం కోసం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం కోసం. ఒకే సూదితో నాలుగైదు ట్యూబులు నింపాల్సి వస్తే వరుస ఉంది: రక్తంలో సూక్ష్మజీవుల కోసం చేసే బ్లడ్ కల్చర్ ఉంటే అది ముందు, తర్వాత నీలం, ఎరుపు, ఆకుపచ్చ, ఊదా, చివర బూడిద. ఈ వరుస పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకోవడానికి ఒక్క సాయంత్రం చాలు. ఎరుపు ట్యూబులో రక్తం తక్కువ పడిందని, రోగిని మళ్ళీ గుచ్చడం ఎందుకని, ఊదా ట్యూబులోంచి కాస్త అందులోకి ఒంపితే ఏమవుతుంది? ఈడీటీఏ ఉండేది పొటాషియం లవణం రూపంలో. అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. దాంతో రిపోర్టులో పొటాషియం ఆకాశానికి, కాల్షియం పాతాళానికి. అంత పొటాషియం నిజంగా ఉన్న మనిషి గుండె ఏ క్షణాన ఆగుతుందో చెప్పలేం. ఇక్కడ రోగి బెంచీ మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు! మిషన్‌కు ఇవేమీ తెలియవు. అంకె అచ్చు కొట్టి ఇస్తుంది. ఆ రెండంకెలూ పక్కపక్కన చూడగానే ‘ఇది ఈడీటీఏ కలిసిన శాంపిల్, మళ్ళీ తీయండి’ అనగలిగిన మనిషి కావాలి.

నీలం ట్యూబు సంగతి కూడా చెప్పేస్తాను, ఇంత దూరం వచ్చాక ఆగలేను. అందులో 1 వంతు సిట్రేట్‌కు 9 వంతుల రక్తం పడాలి. 0.3 మిల్లీలీటర్ల సిట్రేట్ ఉంటే 2.7 మిల్లీలీటర్ల రక్తం, గీత దాకా. సగమే నింపి పంపితే సిట్రేట్ పాలు ఎక్కువైపోయి, రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. గుండె కవాటం మార్పించుకుని, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మింగుతున్న మనిషి రిపోర్టు అదే అయితే, ఆ సమయాన్ని చెప్పే ఐఎన్ఆర్ అంకె ఎక్కువుందని డాక్టరు మందు తగ్గిస్తాడు. తగ్గిస్తే కవాటం మీద గడ్డ. తప్పు జరిగిందెక్కడ? ట్యూబు మీద గీత దగ్గర. అక్కడ డాక్టరు లేడు, మీరున్నారు.

ఇలాంటివి తరగతి గదిలో చెబితే తలకెక్కవు. తిప్పి పంపిన శాంపిళ్ళు వందల్లో చూస్తేనే ఎక్కుతాయి. కాబట్టి అమ్మా, నాన్నా, కాలేజీకి వెళ్ళినప్పుడు మొదటి ప్రశ్న: పోస్టింగ్, అంటే ఆసుపత్రిలో చేతులతో పని నేర్చుకునే శిక్షణ, ఎక్కడ? సొంత ఆసుపత్రిలోనా, ఒప్పందం మీద వేరే ఆసుపత్రిలోనా? ఒప్పందమైతే కాగితం చూపించమనండి. ఏ తేదీ దాకా ఉంది, ఏయే విభాగాలకు ఉంది, ఎంతమందికి ఉంది? అడగడానికి మొహమాటపడకండి. ఫీజు అడిగేటప్పుడు వాళ్ళకు మొహమాటం ఉండదు.

అక్కడే చిన్న గుణకారం, భాగహారం చేయండి. డయాలసిస్ టెక్నాలజీ కోర్సు అనుకుందాం. యూనిట్లో 5 మిషన్లు, రోజుకు 3 షిఫ్టులు, అంటే 15 సెషన్లు. మొదటి, రెండో, మూడో ఏడాది వాళ్ళూ ఇంటర్న్‌లూ కలిపి పిల్లలు 60 మంది. నాలుగు రోజులకు ఒక సెషన్ ఒకరి వాటా. అందులోనూ సూది గుచ్చేది సీనియర్, చూసేది మీ అమ్మాయి. ఒక్కో సెషన్ దాదాపు 4 గంటలు. మిషన్ నిమిషానికి 500 మిల్లీలీటర్ల డయాలిసేట్, అంటే రక్తంలోని మలినాలను లాగేసే ద్రావణం, పంపిస్తే 120 లీటర్లు రోగి రక్తానికి పల్చటి పొర అవతలగా పారినట్టు. ఆ నీళ్ళలో క్లోరమిన్ అనే క్లోరిన్ రసాయనం మిగిలిపోతే ఎర్రకణాలు పగిలిపోతాయి. అందుకే షిఫ్టు మొదలయ్యే ముందు నీళ్ళు శుద్ధి చేసే ఆర్‌ఓ గదికి వెళ్ళి క్లోరిన్ పరీక్ష చేసి రిజిస్టర్‌లో రాయాలి. కాలేజీ చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ రిజిస్టర్ అడగండి. నెలరోజుల అంకెలు ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో, ఒకే తడవ రాసినట్టుంటే లేచి వచ్చేయండి. మీ అమ్మాయి పోస్టింగ్ హాజరు కూడా అలాగే రాస్తారు.

ఇంటర్న్‌షిప్ మీద నా ఫిర్యాదు మళ్ళీ మళ్ళీ చెబుతూనే ఉంటాను. ఏడాది ఇంటర్న్‌షిప్‌ను ‘ఊరికే సర్టిఫికెట్ ఇస్తాం, ఈలోపు పిల్లాడు ఉద్యోగం చూసుకోవచ్చు’ అని సదుపాయంలాగా అమ్మేవాళ్ళున్నారు. వారానికి 6 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున 48 వారాలంటే 2,304 గంటలు. ఆ సదుపాయం పేరుతో మీ దగ్గర లాక్కుంటున్నది అంత. దీనికి సరిగ్గా రెండో చివర ఇంకో రకం. ఏడాది పొడుగునా బిల్లింగ్ కౌంటర్లో కూర్చోబెట్టి, శాంపిళ్ళు మోయించి పంపేస్తారు. రెండూ దోపిడీయే. లాగ్‌బుక్ ఉందా, ఏ పని ఎన్నిసార్లు చేయాలో అందులో ఉందా, పక్కన సంతకం చేసేదెవరు అని అడగండి.

రిజిస్ట్రేషన్ సంగతి. ఆడియాలజీ, స్పీచ్ థెరపీ, కృత్రిమ అవయవాల కోర్సులకు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ గుర్తింపు చూసుకోవాలి. దాని చట్టం 1992 నాటిది. మిగతావాటికి యూనివర్సిటీ అనుబంధం. విజయవాడలో ఉన్న ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కానివ్వండి, వరంగల్‌లో ఉన్న కాళోజీ యూనివర్సిటీ కానివ్వండి, మరొకటి కానివ్వండి, కాలేజీ పేరు జాబితాలో ఉందని తృప్తి పడకండి. ఈ ఏడాదికి ఉందా, ఈ కోర్సుకు ఉందా, ఎన్ని సీట్లకు ఉంది? ల్యాబు కోర్సుకు అనుమతి తెచ్చుకుని, అదే బోర్డు కింద డయాలసిస్‌లో పిల్లల్ని చేర్చుకుంటే చివర్లో రోడ్డున పడేది పిల్లలే. దూరవిద్యలో ఇస్తామంటే వినకండి. ఇందాకటి 2021 చట్టం కిందికి వచ్చే కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ 2025 జూలై–ఆగస్టు ప్రవేశాల నుంచి ఆపేసింది.

పిల్లలకు ఒక మాట. మనుషులతో మాట్లాడటం ఇష్టమైతే ల్యాబులో ఊపిరాడదు. మాట్లాడటం ఇష్టం లేకపోతే ఫిజియోథెరపీలో అంతకంటే కష్టం, పక్షవాతం వచ్చిన మనిషి చేత అదే చెయ్యి వంద రోజులు ఎత్తించాలి. రంగులు సరిగా కనబడని కళ్ళయితే స్టెయిన్ చేసిన స్లైడులు చదవడం ఇబ్బంది, ఇషిహారా పరీక్ష ముందే చేయించుకోండి. గుండె ఆపరేషన్లు జరిగేచోటే పెర్ఫ్యూజన్ ఉద్యోగం ఉంటుంది, సొంతూరు వదలనంటే అది వద్దు. ఎక్స్‌రే అంటే పిల్లలు పుట్టరని ఎవరో చెప్పారని మానుకోకండి. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి లెడ్ ఏప్రాన్ లోపల, ఛాతీ దగ్గర పెట్టుకుంటారు. రేడియేషన్‌ను కొలిచేది మిల్లీసీవర్ట్‌లలో. మన అణుశక్తి నియంత్రణ బోర్డు పరిమితి 5 ఏళ్ళలో 100 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. భయపడాల్సింది కిరణాలకు కాదు, విద్యార్థులకు బ్యాడ్జి ఇవ్వని కాలేజీకి.

ఏ కోర్సైనా సరే, హెపటైటిస్ బి టీకా ఇప్పుడే మొదలుపెట్టండి. ఈ రోజు ఒకటి, నెల తర్వాత ఒకటి, ఆరో నెలలో ఒకటి. మూడోది అయిన నెలా రెండు నెలల్లో యాంటీబాడీ పరీక్ష, 10 యూనిట్లు దాటాలి. మొదటి పోస్టింగ్ రోజు సూది గుచ్చుకున్నాక మొదలుపెట్టేది కాదు అది.

టైమైందని చీటీ వచ్చింది. ఉపన్యాసం ఆపేస్తాను, నేను మాత్రం కదలను. చేతుల్లో ప్రాస్పెక్టస్‌లు పట్టుకుని చాలామంది కనిపిస్తున్నారు. ఆసుపత్రి పడకల సంఖ్య, పోస్టింగ్ పేజీ ఎక్కడుందో వెతికి వేలు పెట్టి ఉంచండి. పేజీ దొరకనివాళ్ళు ముందు రండి. రెండో వరుసలో ఆకుపచ్చ చీర అమ్మగారూ, మీరు ఇందాకట్నుంచి తిప్పుతూనే ఉన్నారు, మీతో మొదలుపెడదాం.