గాలిమర కాదు, వాన దొంగ సోమాలియా తీరంలో ఉంది!

నమస్కారం. మొన్న మన అనంతపురం జిల్లా ఉరవకొండ దగ్గర టీ కొట్టులో మళ్ళీ అదే మాట విన్నాను. ‘ఈ గాలిమరలు వచ్చాకే వాన పోయింది. రెక్కలు తిరిగి మేఘాలను తరిమేస్తున్నాయి.’ మీరూ వినే ఉంటారు, మీలో సగం మంది నమ్మే ఉంటారు.

ఈ రోజు ఒకటే చెబుతాను, మళ్ళీ మళ్ళీ అదే చెబుతాను. మన వానకు అడ్డం పడుతున్నది గాలిమర కాదు, సముద్రం అడుగు నుంచి పైకి ఉబికే చల్లని నీరు. అదీ సోమాలియా తీరంలో! నవ్వండి. నవ్వాక వినండి.

గాలిమర స్తంభం ఎత్తు వంద మీటర్లు, అటూ ఇటూగా. వానమబ్బు ఉండేది చాలావరకు అంతకు ఎన్నో రెట్ల పైన. ఇంట్లో ఫ్యాను వేస్తే మిద్దె మీద ఆరేసిన బట్టలు ఎగిరిపోతాయా? పోవు కదా!

అలాగని రైతును వెక్కిరించే వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రైతు కన్ను తప్పు చూడలేదు. ఆరుద్ర, పునర్వసు, పుష్యమి కార్తెల్లో గాలి ఊళ వేస్తుంది. తల మీద తువ్వాలు నిలవదు. మబ్బులు పరుగెడుతుంటాయి, చినుకు రాలదు, వేరుశనగ విత్తనం సంచిలోనే ఉంటుంది. అప్పుడే గాలిమరలు గిర్రున తిరుగుతాయి. తర్వాత పుబ్బ, ఉత్తర వస్తాయి. గాలి మెత్తబడుతుంది, రెక్కలు నెమ్మదిస్తాయి, వాన దిగుతుంది. అనంతపురానికి సెప్టెంబరే కదా పెద్ద వాన నెల! రెక్క ఆగితే వాన వస్తోందని రైతు అన్నాడు. చూసింది నిజమే, ముడి మాత్రం తిరగేసి వేశాడు. రెక్కను తిప్పేదీ మబ్బును తరిమేదీ ఒకే గాలి.

ఆ గాలి ఎక్కడిది? భూమధ్యరేఖకు దక్షిణాన బయలుదేరుతుంది. ఆఫ్రికా తూర్పు కొండలు అడ్డం వస్తే వాటి పక్కగా మలుపు తీసుకుని, సోమాలియా తీరాన్ని ఒరుసుకుంటూ అరేబియా సముద్రం దాటి మన మీదికి వస్తుంది. 1969లో ఫిండ్‌లేటర్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని వివరంగా చూపించాడు కాబట్టి ఈ గాలికి ఆయన పేరే పెట్టారు. రామగిరిలో, వజ్రకరూరులో రెక్క తిప్పుతున్నది అదే.

ఇప్పుడు ఈ గ్లాసు చూడండి. కాచిన పాలు, పైన పలుచటి మీగడ. ఈ అంచున మెల్లగా ఊదుతున్నాను. మీగడ ముడుచుకుంటూ అవతలి అంచుకు పోయింది, ఇక్కడ అడుగు పాలు బయటపడ్డాయి, ఆవిరి లేచింది. తీరంలో జరిగేదీ ఇదే. కాకపోతే అక్కడ పైన ఉన్నది వెచ్చని నీరు, అడుగున ఉన్నది చల్లనిది. ఇంకో తమాషా ఉంది. సముద్రం నీరు గాలి పోయిన దిక్కుకే పోదు. భూమి తిరుగుతోంది కాబట్టి, మన ఉత్తరార్ధగోళంలో పై నీరంతా కలిపి చూస్తే గాలికి కుడి వైపుగా, అడ్డంగా జరుగుతుంది. 1890లలో నార్వే అన్వేషకుడు నాన్సెన్ ఉత్తర ధ్రువం వైపు పోయినప్పుడు మంచు గడ్డలు గాలికి కుడిగా కొట్టుకుపోవడం గమనించాడు. ఆ లెక్క తేల్చింది ఎక్మన్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు.

సోమాలియా తీరంలో గాలి ఈశాన్యానికి పోతుంది. దానికి కుడి పక్కన ఏముంది? నడిసముద్రం. పై నీరు అటు జరిగితే, ఖాళీ నింపడానికి అడుగు నీరు లేస్తుంది. జూలై, ఆగస్టుల్లో అక్కడక్కడ పై నీటి వేడి 20 డిగ్రీల కిందికి పడిపోతుంది. భూమధ్యరేఖ పక్కన, నడి వేసవిలో!

సముద్రంలోనే కాదు, పెద్ద సరస్సుల్లోనూ ఇంతే. మా బావమరిది అమెరికాలో మిల్వాకీలో ఉంటాడు, మిషిగన్ సరస్సు పడమటి ఒడ్డున. ఎండ మండుతోందని పిల్లలతో నీళ్ళలో దిగి, కెవ్వుమని బయటికి పరుగెత్తాడట. ముందు రోజు గోరువెచ్చగా ఉన్న నీళ్ళే! దక్షిణపు గాలి ఆగకుండా వీచింది, పై నీరు తూర్పుకు జరిగింది, అడుగుది లేచింది. ‘సరస్సులో ఐసు కలిపారా బావా’ అని ఫోను చేశాడు.

అంత దూరం ఎందుకు, మన విశాఖ! 1950లలో లఫాండ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, వాల్తేరు తీరంలోనూ అడుగు నీరు ఇలా లేస్తోందని కొలిచి రాశాడు. మన రాష్ట్రంలోనే కొలిచిన విషయం మన పిల్లలకు ఎవరూ చెప్పరు. ఎక్కడో పెరూ తీరంలో ఇలాగే నీరు లేచే సంగతి మాత్రం కంఠస్థం చేయిస్తారు. సరే, వదిలేద్దాం.

మళ్ళీ దొంగ దగ్గరికి. చల్లని నీటి మీద గాలికి తేమ తక్కువ అందుతుంది. సోమాలియా, ఒమాన్ తీరాల్లో ఈ ఉబుకు తగ్గిన ఏడాది మన పడమటి తీరంలో వాన పెరుగుతుందని పరిశోధకులు చూపించారు. అక్కడి నుంచి అనంతపురం దాకా తాడు లాగింది నేనే, ఒప్పుకుంటున్నాను. ‘పడమటి కనుమలు వానను పిండేసుకుంటాయి, మనది వర్షచ్ఛాయ’ అని మాస్టార్లు అంటారు. నిజమే, పెద్ద కోత అక్కడే. కానీ కనుమలు ఏటా అక్కడే ఉన్నాయి కదా! కదలని కొండ ఒక్కటే కారణమైతే ఒక ఏడు నాలుగు చినుకులు, ఒక ఏడు చెరువులు మత్తడి ఎందుకు పోస్తాయి? కొండకు చేరకముందే సంచి బరువు మారుతోంది. నా అనుమానం సోమాలియా చల్లనీటి మీదే. పసిఫిక్‌లో నీరు వేడెక్కి మన వానను దెబ్బతీసే ఎల్‌నినో ఉంది కదా అంటారా? ఉంది, దానికి ఇంకో వీడియో చేస్తాను.

ఇదంతా ఆ టీ కొట్టులో పెద్దాయనకు చెప్పాను. గ్లాసు కింద పెట్టి, తువ్వాలు దులిపి, ‘సరే నాయనా, గాలిమర వాళ్ళైతే పొలానికి కౌలైనా ఇస్తారు. సోమాలియా వాళ్ళు ఏమిస్తారు?’ అన్నాడు.

టీ డబ్బులు నేనే ఇచ్చి వచ్చాను.